దేశం వచ్చెనాటికి కుర్చి పాయె

దక్షిణ అమెరికాల గయానా అని ఒక చిన్న దేశం. ఇంగ్లీషోళ్లు చెరుకు తోటలల్ల పనికి మన దేశం కెళ్లి కూలీలను ఓడలల్ల తోల్కపోయిండ్రు. మద్రాసు రేవుల ఎక్కినోళ్లల్ల తెలుగోళ్లు గూడ ఉండిరి. గసొంటి కూలీల ఇంట్లనే 1918ల చెద్దీ జగన్ పుట్టిండు. అమెరికాల పండ్ల డాక్టరు చదివి ఇంటికొచ్చిండు. 1948ల ఎన్మోర్ తోట కాడ పోలీసులు అయిదుగురు కూలీలను కాల్చి సంపిండ్రు. అటెన్క ఆయన బతుకంత కూలోళ్ల కొట్లాటే.

1953 ఎన్నికలల్ల 24 సీట్లకు 18 ఆయన పార్టీయే గెలిచింది. 133 రోజులకే ఇంగ్లీషోళ్లు ఫౌజును దింపి సర్కారును కూలగొట్టిండ్రు. జైలుకు పంపిండ్రు. అయినా 1957ల, 1961ల మళ్ల గెలిచిండు.

స్వతంత్రం కావాలని అడుగుతుండంగనే 1962ల పక్కనున్న వెనిజులా లేచింది. ఎస్సెకిబో మాదే, 1899 తీర్పు చెల్లదన్నది. ఎస్సెకిబో అంటె దేశంల మూడొంతులకు రెండొంతుల భూమి! ఇంట్ల జూస్తె ఇండియా మూలపోళ్లకు, ఆఫ్రికా మూలపోళ్లకు నెత్తురు పారిన కొట్లాట. గా సందుల ఇంగ్లీషోళ్లు ఓట్లు లెక్కగట్టే పద్ధతే మార్చిండ్రు. 1964ల ఎక్కువ సీట్లు జగన్‌కే వచ్చినా, ఇంకో పార్టీని కలుపుకొని పాత దోస్తు బర్న్‌హామ్ కుర్చి ఎక్కిండు. 1966 ఫిబ్రవరిల వెనిజులాతోని జెనీవా ఒప్పందమైంది, మే 26న దేశం వచ్చింది. గట్టు పంచాయితి మాత్రం తెగలే. 2018ల ప్రపంచ కోర్టుకెక్కింది.

జగన్ 28 ఏండ్లు ప్రతిపక్షంలనే ఉండి, 1992ల ప్రెసిడెంటైండు. 1997ల పదవిల ఉండంగనే పోయిండు.

నేననేది ఒక్కటే. అన్నదమ్ములు తన్నుకుంటుంటె గట్టు జరుపుడు పక్కోనికి అల్కగైతది. కులం పేరు మీద, పార్టీ పేరు మీద కొట్లాడే మన పిల్లగాండ్లు గీ కథ యాదిల పెట్టుకోవాలె.