పేరు తెల్వని పెద్దమనిషి

బిల్ గేట్స్ అంటే ఊర్ల పదో తరగతి పోరనికి గూడ ఎరుకే. గ్యారీ కిల్డాల్ అంటే కంప్యూటర్ డిగ్రీ జేసినోళ్లు గూడ ఎవలన్నా ఆయన అంటరు. 1990ల చివర పాతబస్తీ శాలిబండల నేను ఫీజు కట్టి డాస్ నేర్సుకున్న. ఈఎంఎం386 అని ఓ లైను గొట్టిచ్చి, మెమరీ పెరుగుతది అన్నరు. ఎట్ల పెరుగుతది అంటే పరీక్షల రాదన్నరు.

కిల్డాల్ 1942ల సియాటిల్ల పుట్టిండు. వాళ్లింట్ల ఓడలోళ్లకు దారి నేర్పే బడి ఉండె. కాలిఫోర్నియాల నేవీ కాలేజీల పంతులైండు. 1974ల సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టం నడిపి సూపిచ్చిండు. ఆయన జేసిన అసలు పని తర్వాత ఉన్నది. మిషన్‌కు సంబంధించిన కోడ్‌ను ఓ చిన్న ముక్కల వెట్టి దానికి బయాస్ అని పేరువెట్టిండు, మిగతాదంతా అందరికీ ఒక్కటే. మిషన్ మారితే ఆ ముక్క రాసుకుంటే సాలు. పెద్ద కంపెనీ గావాల్సిన పన్లేదు, తెలివున్న ఒక్కడు సాలు.

గని అప్పటి చిప్పుకు 64 కేబీ కంటే ఎక్కువ మెమరీ కనవడదు. మీ ఫోన్ల ఒక్క ఫొటో గూడ అందుల వట్టదు. మా పాతబస్తీల ఒక్క అర్ర ఇండ్లు యాదికి తెచ్చుకోండ్రి. పొద్దున అదే అర్రల గాజులకు రాళ్లు అతికిస్తరు, రాత్రి సామాను ఎత్తి పక్కలు పరుస్తరు. అర్ర ఒక్కటే, సామాను మారుతది. 1983ల వచ్చిన సీపీ/ఎం ప్లస్ గిట్లనే జేసింది. మెమరీని బ్యాంకులుగ విడగొట్టి, ఒకసారి ఒక బ్యాంకునే చిప్పుకు సూపెడతది. బ్యాంకు మార్చే కోడ్‌ను ఎవల మిషన్‌కు వాళ్లే బయాస్‌ల రాయాలె. ఆ కోడ్ ఎన్నడు మారని మెమరీలనే ఉండాలె. లేకుంటే మార్చేటోడే సామానుతోని బయటికి వోతడు, మిషన్ ఆగుతది. 1985ల లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ గల్సి డాస్‌కు వెట్టిన ఎక్స్‌పాండెడ్ మెమరీ పద్ధతి గూడ ఇసొంటిదే. 64 కేబీ కిటికీలకెళ్లి పెద్ద మెమరీని ముక్కముక్కగ సూసుడు.

1980ల ఐబీఎంతోని బేరం కుదరలే. ఐబీఎమోళ్లు ఇంటికొస్తే ఆయన షోకుకు విమానం ఎక్కిపోయిండని కథ వుట్టిచ్చిండ్రు. విమానం నడుపుకుంట పోయింది నిజమే, గని పోయింది పనిమీద. ఒప్పందాల మాటలు ఎప్పుడైనా భార్య డొరొతీనే సూస్తుండె. మైక్రోసాఫ్ట్ టిమ్ ప్యాటర్సన్ రాసిన సిస్టంను కొని ఐబీఎంకు ఇచ్చింది. అది సీపీ/ఎంను సూసి రాసిందే. కిల్డాల్ కొట్లాడితే ఐబీఎం రెండూ అమ్ముతనన్నది. డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం-86 ధర 240. ఎవలు ఏది కొంటరు? దుకాణంల జాగ ఇచ్చుడు వేరు, అమ్ముడువోనిచ్చుడు వేరు.

అయినా ఆయన కంపెనీ ఊకోలే. 1990ల డీఆర్ డాస్ 5 తెచ్చింది. డ్రైవర్లను 640 కేబీ అవతలికి ఎక్కిచ్చి ప్రోగ్రాంలకు జాగ ఇడిసిపెట్టింది. మైక్రోసాఫ్ట్ అసొంటి పని డాస్ 5ల జేసింది, ఏడాది తర్వాత. నాతోని గొట్టిచ్చిన ఆ ఈఎంఎం386 ఎనుక గీ పోటీ ఉన్నదన్న ముచ్చట నేను పాత పుస్తకాలు సదివి తెల్సుకున్న. 1991ల కంపెనీని నోవెల్ కొన్నది.

1994 జులైల తలకు దెబ్బ తాకి కిల్డాల్ సచ్చిపోయిండు, 52 ఏండ్లకే. ఇరువై ఏండ్లకు, 2014 ఏప్రిల్ల, పసిఫిక్ గ్రోవ్‌ల ఆయన కంపెనీ పాత ఇంటి ముంగట ఇంజనీర్ల సంఘం ఓ కంచు పలక వెట్టింది.