సొరంగాల్లో పెరిగిన కథ

డిస్టోపియా ప్రేమకథ అనగానే మనవాళ్ళు ముందు 'హంగర్ గేమ్స్' పేరే చెప్తారు. పైన కులాసాగా బతికే నగరం, కింద ఆకలితో మాడే జిల్లాలు. ఈ దారిలో వందేళ్ళ ముందే నడిచిన ఒకాయన గురించి చెప్తాను. ఆయన హెచ్.జి. వెల్స్.

1866లో ఇంగ్లండ్‌లోని బ్రోమ్లీలో పుట్టాడు. నాన్న జోసెఫ్‌ది పింగాణీ సామాన్ల కొట్టు. ఆయన క్రికెటర్ కూడా! 1862లో కెంట్ తరఫున వరుసగా నాలుగు బంతుల్లో నలుగురిని అవుట్ చేశాడు. కానీ కొట్టు సాగలేదు, 1877లో కాలు విరిగి ఆటా ఆగిపోయింది. అమ్మ సారా 1880లో అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో హౌస్‌కీపర్‌గా చేరింది. అక్కడ పనివాళ్ళు వంటశాల నుంచి ఇంట్లోకి నేలకింద సొరంగాల్లో నడిచేవాళ్ళు. అమ్మ దగ్గరికి వెళ్ళిన వెల్స్ పైన దొరల పుస్తకాలు చదివాడు, కింద ఆ సొరంగాలూ చూశాడు.

తర్వాత బట్టల కొట్టులో అప్రెంటిస్. రోజుకు 13 గంటల పని. 1883లో మొండికేసి బయటపడ్డాడు. మరుసటి ఏడాది స్కాలర్‌షిప్ మీద లండన్‌లో సైన్స్ కాలేజీలో చేరి హక్స్‌లీ దగ్గర బయాలజీ చదివాడు. చివరికి జియాలజీ తప్పి, డిగ్రీ లేకుండానే వచ్చేశాడు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు దిగులుపడకండి, 1890లో మళ్ళీ రాసి డిగ్రీ తెచ్చుకున్నాడు.

1895లో 'ది టైమ్ మెషీన్' వచ్చింది. సుదూర భవిష్యత్తులో నేలమీద ఏ పనీ చేయని అందమైన ఎలోయ్‌లు, నేలకింద యంత్రాలు నడిపే మార్లాక్‌లు. రాత్రయితే కిందివాళ్ళు పైకొచ్చి పైవాళ్ళను తింటారు. మొదటిసారి చదివినప్పుడు మార్లాక్‌లే విలన్లు అనుకున్నా. వెల్స్ జీవితం తెలిశాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు: కింద నుంచి వచ్చిన కుర్రాడు కిందివాళ్ళనే రాక్షసులుగా ఎందుకు రాశాడు?

మళ్ళీ చదివా. అందులో మంచివాళ్ళ జట్టంటూ లేదు. ఎలోయ్‌లు ఎంత ముద్దొచ్చినా, తమలో ఒకమ్మాయి నీళ్ళలో కొట్టుకుపోతుంటే కదలరు. ఆ అమ్మాయి వీనాని కాపాడి దగ్గరైన హీరో కూడా మార్లాక్‌లను కొట్టి చంపాలని ఉబలాటపడతాడు. తనకు పూలిచ్చిన వీనాని చివరికి అడవిలో పోగొట్టుకుంటాడు. తరతరాలుగా వెలుగు చూడనివ్వకపోతే మనిషి ఏమవుతాడో వెల్స్ చూపించాడు. పైకి ఎక్కొచ్చినవాడికి కిందంటే ఉండే భయం కూడా అందులో ఉందని నాకనిపిస్తుంది.

ఆయనా అంత తేలికైన మనిషి కాదు. మొదటి భార్య ఇసబెల్‌ను వదిలి తన స్టూడెంట్ కేథరిన్‌ను పెళ్ళాడాడు, ఆమెకీ నమ్మకంగా లేడు. సమసమాజం కోసం మాత్రం 1946లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు.

నిన్న మెస్‌లో తిని ప్లేటు కిటికీలోంచి లోపలికి తోశాను. అవతల ఎవరో అందుకున్నారు. మూడేళ్ళుగా తింటున్నా, ఆ మనిషి ముఖం నాకు తెలీదు.