విజ్ఞానదాత కొమర్రాజు లక్ష్మణరావు

గ్రంథాలయములను, శాస్త్రవిజ్ఞానమును తెలుగువారికి చేరువ చేసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ప్రథమ గణ్యులు. వీరు నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలున 1877 మే 18వ తేదీన జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, అక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున విద్యనభ్యసించిరి. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యమును గడించిరి. ఎం.ఏ. పట్టమునంది, మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి.

నేడు జూబ్లీహిల్సు, ఫిలింనగరులు తెలుగు చలనచిత్రములకు నెలవై యున్న హైదరాబాదున ఆనాడు తెలుగునకు ఆదరణ అంతంతమాత్రమే. అట్టి నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో పంతులుగారు ముఖ్యులు.

గ్రంథాలయమున్నను అందు చదువదగిన శాస్త్రగ్రంథములు లేకున్న ఫలమేమి? అందుకే 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. చరిత్రములతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము తెలుగున వెలువడెను.

ఇది సులభమైన పని కాదు. ఏతము తొక్కు రైతు ఆధారమునుండి దూరము జరిగినకొలది బాన తేలికగా లేచునని అనుభవమువలన నెరుగును, కారణమెరుగడు. బరువును, ఆధారమునుండి దానికిగల దూరమును గుణింపగా వచ్చు లబ్ధము ఇరువైపుల సమానమైన దూలము తూగునని శాస్త్రము చెప్పును. దూలపు బరువును విడిచి చూచినచో, ఒక మీటరు దూరమునగల 40 కిలోలకు రెండు మీటర్ల దూరమునగల 20 కిలోలు సరితూగును. ఈ సమీకరణమున రైతునకు అందరానిదేదియు లేదు. అది పరభాషలో దాగియుండుటయే అడ్డు. ఆ అడ్డును తొలగించుటకే పంతులుగారు పాటుపడిరి.

1908లో మండలి మద్రాసునకు మారెను. పిమ్మట సకల శాస్త్రములను తెలుగున ఒకచోట చేర్పనెంచి వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములును అకారాది విషయములకే సరిపోయెను. ఆ మహాకార్యము ముగియకమునుపే 1923 జులైలో, నలువదియారవ యేట, వారు పరమపదించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టిరి.

కథలు, నవలలతోపాటు శాస్త్రగ్రంథములకును ప్రతి పల్లె గ్రంథాలయమున ఒక బీరువా నుంచుట పంతులుగారికి మనమర్పింపదగు నివాళి.