వారం రోజుల్లో ఇద్దరు కొడుకులు పోతే… ఫాదర్ హరుత్యూన్ కథ



పోయిన వీడియోలో వసిష్ఠ మహర్షి పుత్రశోకం గురించి చెప్పుకున్నాం కదా. వంద మంది కొడుకులు పోయాక ఆయన కాళ్ళూ చేతులూ కట్టేసుకుని నదిలో దూకారు. నది ఆయన కట్లు తెంచి ఒడ్డున పడేసింది. అందుకే దానికి విపాశ అని పేరు. అదే ఈనాటి బియాస్ నది. వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: పురాణంలో సరే, మామూలు మనిషి ఆ దుఃఖం నుంచి ఎలా బయటపడతాడు?

ఆ ప్రశ్న నాది కూడా. అమ్మ పోయాక దాదాపు ఏడాది నేను దేవుడి గదిలో దీపం పెట్టలేదు. కోపం. ఆ రోజుల్లోనే చెన్నైలో ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం, ఊరికే ఇంట్లో ఉండలేక, జార్జ్ టౌన్‌లో తంబుచెట్టి వీధిలోని కాళికాంబాళ్ గుడికి వెళ్ళాను. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. గోపురానికి దణ్ణం పెట్టుకుని, అలా నడుచుకుంటూ మన టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టిన రోడ్డు వైపు వెళ్ళాను. దాని పక్కనే ఆర్మేనియన్ వీధి. అక్కడ 1772లో కట్టిన పాత చర్చి ఉంది. ఇప్పుడు అక్కడ ప్రార్థనకు వచ్చే ఆర్మేనియన్లు దాదాపు ఎవరూ లేరు. ఆవరణలో పాత సమాధులు, చెట్ల నీడ. ఆ సమాధుల్లో ఒకటి ఫాదర్ హరుత్యూన్ ష్మావోన్యన్‌ది.

ఆయన 1750లో పర్షియాలోని షిరాజ్ నగరంలో పుట్టారు. ఆర్మేనియన్ చర్చిలో అర్చకులు పెళ్ళి చేసుకోవచ్చు, మన పూజారుల్లాగే. ఆయనా సంసారి. ఒకే వారంలో ఆయన కొడుకులిద్దరూ చనిపోయారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా వెళ్ళి ధైర్యం చెప్పాల్సిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయనకి ఎవరు చెప్పాలి?

ఆయన ఊరు వదిలేశారు. ఊరి బయట దర్వేషుల దగ్గర ఏడేళ్ళు ఏకాంతంగా గడిపారు. వాళ్ళు ముస్లిం ఫకీర్లు, ఈయన క్రైస్తవ అర్చకుడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి మతం అడగకుండా పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ ఏడేళ్ళలో ఆయన చేసిన పని ఏంటో తెలుసా? పర్షియన్ భాషని లోతుగా చదువుకున్నారు. అదే ఆయన తపస్సు అనిపిస్తుంది నాకు.

తర్వాత మద్రాసు వచ్చి ఇక్కడి చర్చిలో అర్చకత్వం చేపట్టారు. అప్పటి మద్రాసు ఆర్మేనియన్లు చాలావరకు వ్యాపారులు. డబ్బుంది, ఓడలున్నాయి, కానీ సొంత దేశం లేదు. వాళ్ళ నేలని పర్షియా, టర్కీ పంచుకున్నాయి. ఇల్లు పోయిన జాతికి మిగిలేది భాష, భక్తి. ఆ రెండూ నిలవాలంటే అక్షరం కావాలి. అందుకే ఆయన 1789లో అచ్చు యంత్రం పెట్టారు. 1794లో ‘అజ్దరార్’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. మొత్తం ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వచ్చిన మొట్టమొదటి పత్రిక అదే. ఆర్మేనియాలో కాదు, ఇస్తాంబుల్‌లో కాదు, మన మద్రాసులో!

వార్తలు, సాహిత్యం, ఓడల రాకపోకలు, వ్యాపార విషయాలు, అన్నీ అందులో ఉండేవి. ఆర్కాటు నవాబు ఆయనకి అరబీ, పర్షియన్ లిపుల్లో కూడా అచ్చువేసుకోవడానికి అనుమతి ఇచ్చారు. దుఃఖంలో ఉన్నప్పుడు నేర్చుకున్న భాష ఎక్కడ అక్కరకొచ్చిందో చూడండి.

పత్రిక 1796 వరకే నడిచింది. మొత్తం 18 సంచికలు. మన లెక్కలో చూస్తే ఫెయిల్ అయిన స్టార్టప్. కానీ ఈ రోజుకీ ఆర్మేనియన్ పత్రికల చరిత్ర రాసేవాళ్ళు మొదటి పేజీ ఆయనతోనే మొదలుపెడతారు. పత్రిక ఆగినా ఆయన సేవ ఆగలేదు. 1824 ఫిబ్రవరిలో, మద్రాసులోనే కన్నుమూశారు. తను సేవ చేసిన చర్చి ఆవరణలోనే ఆయన సమాధి.

మన ఛానల్లో క్రైస్తవ అర్చకుడి కథ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం గీతలోని కర్మయోగం అర్థమైంది ఆ సమాధి దగ్గరే. ఆయన కొడుకులు తిరిగి రాలేదు. దుఃఖం పూర్తిగా పోయిందని కూడా నేను అనుకోను. కానీ ఆ దుఃఖాన్ని పక్కన పెట్టుకునే, పక్కవాడికి పనికొచ్చే పని ఒకటి చేశారు. వసిష్ఠుల వారి కట్లు నది తెంచింది. ఈయన కట్లు అక్షరాలు తెంచాయి.

ఆ సాయంత్రం రూముకి వచ్చి అమ్మ ఫోటో తుడిచాను. దీపం పెట్టాను. కోపం ఇంకా కొంచెం ఉంది. అయినా పెట్టాను.

మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి ఏడేళ్ళలో ఉంటే, తొందరేం లేదండీ. చిన్న పని ఒకటి చేతిలోకి తీసుకోండి, చాలు.

సర్వే జనాః సుఖినో భవంతు.