పక్కపక్కన కూర్చోబెట్టిన గురువు: రఘుపతి వెంకటరత్నం నాయుడు



శివరాత్రికి మన పట్టిసీమ రేవులో లాంచీ ఎక్కి వీరేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళేవారిలో, పక్కన కూర్చున్న మనిషి కులమేమిటని ఆరా తీసేవారు ఇవాళ అరుదు. నూరేళ్ళ కిందట ఇదే గోదావరి జిల్లాలో, బడి బల్ల మీద అలా పక్కపక్కన కూర్చోవడమే పెద్ద తగవు. పిల్లలకు పరమత సహనం, ఎదుటివారి పట్ల మర్యాద బడిలోనే నేర్పాలని ఈనాడు సభల్లో తరచు వింటున్నాము. ఎలా నేర్పాలో కాకినాడలో చేసి చూపిన మహనీయుడు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. ఈ ప్రత్యేక సంచికలో వారి జీవితాన్ని ఒకసారి స్మరించుకుందాము.

వారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రిగారు సైన్యంలో సుబేదారు కావడం వల్ల బాల్యం కొంత ఉత్తరాదిన, తరువాత హైదరాబాదులో గడిచింది. ఆ విధంగా చిన్ననాటనే పలు భాషలవారితో, మతాలవారితో కలిసి మెలిగే అవకాశం కలిగింది. పై చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. అక్కడ డాక్టర్ విలియం మిల్లర్ వారి గురువు. క్రైస్తవ గురువు దగ్గర చదువుకున్నా ఆయన మతం మారలేదు; గురుభక్తీ తగ్గలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. చిన్న వయసులోనే భార్య మరణించగా మళ్ళీ వివాహం చేసుకోలేదు. తెల్లని దుస్తులు, నిరాడంబర జీవితం చివరిదాకా పాటించారు.

మచిలీపట్నం నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఒకటి మిషనరీల కళాశాల, మరొకటి నిజాం రాజ్యంలోనిది. తరువాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఆ పదవిలో కొనసాగారు. వారి జీవితంలో మనం ముఖ్యంగా చెప్పుకోవలసిన ఘట్టం ఇదే.

ఆ కాలంలో అంటరానివారని దూరం పెట్టిన కుటుంబాల పిల్లలకు కళాశాల చదువు అందని మాట. నాయుడుగారు వారిని చేర్చుకుని అందరితోపాటు కూర్చోబెట్టారు. ఆడపిల్లలను కూడా చేర్చుకుని మగపిల్లలతో కలిపి చదివించారు. ఛాందసులకు ఇది నచ్చలేదు. అయినా వారు వెనుకంజ వేయలేదు. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దూరు వారి అండ ఉండటం అదృష్టం.

సీటు ఇచ్చినంత మాత్రాన చదువు సాగదని కూడా వారు గ్రహించారు. పల్లె నుంచి వచ్చిన హరిజన విద్యార్థికి పట్నంలో అద్దెకు గది ఇచ్చేదెవరు? అన్నం పెట్టేదెవరు? అందుకే మహారాజావారి సాయంతో వసతి గృహం ఏర్పాటు చేయించారు. అనాథ శరణాలయం వెలిసింది. ఫీజు కట్టలేని పిల్లలకు తమ జీతం నుంచే సాయం చేసేవారు. సహనం మీద ఉపన్యాసానికి ఖర్చు లేదు. దాన్ని ఆచరణలో పెట్టడానికి గది కావాలి, వంట కావాలి, డబ్బు కావాలి, నలుగురి నిష్ఠూరం భరించే ఓర్పు కావాలి.

వారి నియమాలు కొన్ని చాలా కఠినమైనవి. భోగం మేళాలను తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ ఉద్యమం ఒక దురాచారాన్ని ఎదిరించింది నిజమే. కాని ఆ వృత్తి మీదే బ్రతికే స్త్రీలకు అది జీవనోపాధి సమస్య అయిందని కూడా ఈనాడు ఒప్పుకోవాలి. వారి ప్రభావంలో పెరిగిన శిష్యులంతా ఒకే దారిన నడవలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు జాతీయోద్యమంలోకి వెళ్ళారు. గుడిపాటి వెంకటచలంగారు మొదట గురువుగారి బాటనే బ్రహ్మసమాజంలో చేరి, తరువాత నీతి నియమాలనే ప్రశ్నించే రచనలు చేశారు. శిష్యుడు తనంతట తాను ఆలోచించగలిగితే ఆ చదువు వృథా కానట్లే.

1924లో ప్రభుత్వం వారికి సర్ బిరుదునిచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేశారు. 1939లో కాకినాడలో కన్నుమూశారు. ప్రజలు వారిని బ్రహ్మర్షి అని గౌరవించారు.

వారు పోయిన పదకొండేళ్ళకు, 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేడవ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. దళిత గిరిజనులను అవమానించడం నేరమని 1989 నాటి చట్టం చెప్పింది. చట్టం భయంతో నోరు అదుపులో పెట్టుకోవచ్చు. మనసు మారాలంటే మాత్రం చిన్ననాటనే ఒకే బల్ల మీద కూర్చోవాలి, ఒకే పంక్తిలో తినాలి. 2003లో మన రాష్ట్ర బడుల్లో మొదలైన మధ్యాహ్న భోజనానికి ఆకలి తీర్చడంతోపాటు ఈ ప్రయోజనమూ ఉంది.

మిత్రులారా! మనం పదవీ విరమణ చేశాము గాని పెద్దరికం నుంచి విరమించలేదు. మన ఊరి బడికి నెలకొకసారి మధ్యాహ్నం వేళ వెళ్ళి చూద్దాము. పిల్లలు పంక్తిలో ఎలా కూర్చుంటున్నారు? ఏ పిల్లవాడినైనా పేరు పెట్టి పిలుస్తున్నారా, కులం పెట్టి పిలుస్తున్నారా? తేడా కనిపిస్తే ఉపాధ్యాయులతో నెమ్మదిగా మాట్లాడుదాము. మన ఇంట్లో మనుమలు వింటుండగా మనం వాడే మాటలు కూడా ఒకసారి సరిచూసుకుందాము. ఆ గురువర్యునికి మనం చేయగల నివాళి అదే.