లెక్క కుదిర్చిన దివాను – మొదటి సాలార్ జంగ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ట్రెజరీ శాఖలో ముప్పై ఏళ్లు జీతాల బిల్లులు, పింఛను బిల్లులు చూసి రిటైరై, ఇప్పుడు మంఖాల్‌లో ఉంటున్న నాకు వెంటనే తోచిన పేరు మొదటి సాలార్ జంగ్. ఆ పేరు చెప్పగానే పిల్లలు మ్యూజియం అంటారు. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించినవారు ఆయన మనవడు, మూడవ సాలార్ జంగ్. అందరూ ఆగి చూసే ముసుగు రెబెక్కా విగ్రహం మాత్రం ఈ తాతగారు 1876లో రోమ్‌లో కొన్నది. నేను రాస్తున్నది ఈ తాతగారి గురించే.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, తండ్రి సోదరుడు సిరాజ్-ఉల్-ముల్క్ అండన పెరిగారు. పందొమ్మిదో ఏట ఖమ్మం తాలూకాల పెత్తనం అప్పగించారు. అంతకుముందు అక్కడ డైటన్ అనే ఇంగ్లీషు అధికారి ఒక పద్ధతి ప్రకారం వసూళ్లు, లెక్కలు నడిపించాడు. కుర్రవాడైన తురాబ్ అలీ దాన్నే కొనసాగించారు. ఆ ఉద్యోగం కొద్ది నెలలే అయినా, తరువాత చేసిన పనులకు పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం.

అప్పటి నైజాం రాజ్యం సంగతి చెబితే మన పెన్షనర్లకు నమ్మకం కలగదు. శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు ప్రభుత్వానికి ఇంత అని ఒప్పుకుని, రైతు దగ్గర ఎంత గుంజినా అడిగే నాథుడు లేడు. సర్కారు సాహుకార్ల దగ్గర, అరబ్బు జమాదార్ల దగ్గర అప్పులు తెచ్చి, బదులుగా తాలూకాలకు తాలూకాలే వాళ్ల చేతిలో పెట్టేది. లెక్కల దఫ్తర్లు కూడా వంశపారంపర్యంగా రెండు కుటుంబాల అధీనంలో ఉండేవి. ఇక సైన్యానికి జీతం ఎక్కడినుంచి వస్తుంది? ఇంగ్లీషువారి ఆజమాయిషీలో ఉన్న కంటింజెంటు సైన్యం జీతాల బకాయిలు కొండలా పెరిగాయి. ఆ బాకీ కిందనే 1853 మే 21 ఒప్పందంతో బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ జిల్లాలు కంపెనీ చేతికి వెళ్లిపోయాయి. వేళకు జీతాలివ్వలేక రాజ్యంలో అంత భాగం పోగొట్టుకున్నారన్న మాట! ఆ ఒప్పందం జరిగిన ఐదు రోజులకే దివాను సిరాజ్-ఉల్-ముల్క్ కన్నుమూశారు. మే 31న ఆ కుర్చీలో కూర్చున్న తురాబ్ అలీకి అప్పటికి 24 ఏళ్లు.

ఆయన చేసిన మొదటి పని అప్పులవాళ్ల లెక్కలు తేల్చడం. ఎవరికి నిజంగా ఎంత రావాలో చూసి, తీరుస్తూ, తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుకున్నారు. విడిపించిన చోటల్లా గుత్తదారుకు బదులు జీతం తీసుకునే తాలూక్‌దారును పెట్టారు. వినడానికి చిన్న మార్పే. కానీ కంచే చేను మేసే ఏర్పాటుకు కళ్లెం పడింది ఇక్కడే. వసూలు చేసేవాడికి జీతం వేరు, వసూలైన సొమ్ము వేరు. వసూలైనది ఖజానాకు రావాలి, జీతం ఖజానా నుంచి వెళ్లాలి. మన ట్రెజరీ పని అంతా ఈ రెండు ముక్కల మీదే నడిచింది కదా!

1857లో రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు ఆయన ఇంగ్లీషువారి పక్షం వహించారు. తుర్రెబాజ్ ఖాన్‌ను వీరుడిగా తలచుకునే మనకు అది మింగుడు పడని విషయమే. ఫలితంగా 1860లో రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది. బీరారు రాలేదు. దానికోసం 1876లో ఇంగ్లండు దాకా వెళ్లారు, దారిలో పారిస్‌లో జారిపడి ఎముక విరగ్గొట్టుకున్నారు, అయినా పని కాలేదు.

1865లో జిల్లాబందీ వచ్చింది. రాజ్యాన్ని సుబాలు, జిల్లాలు, తాలూకాలుగా విడదీశారు. సుబాకు సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు అంటే కలెక్టరు, ఆయన కింద దోయం, సోయం తాలూక్‌దారులు, తాలూకాకు తహసీల్దారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదర్-ఉల్-మహాంలను నియమించారు. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల ఎవరి టంకసాల వారు నడుపుకునేవారు. ఆ గందరగోళం పోయి హాలీ సిక్కా చెల్లుబాటు కావడం కూడా ఆయన హయాంలోదే.

ఈ మార్పులు అందరికీ నచ్చలేదు. 1859లో, 1868లో ఆయన మీద హత్యాప్రయత్నాలు జరిగాయి. కొత్త పద్ధతి తెలిసినవారు ఇక్కడ తక్కువని ఉత్తరాది నుంచి మొహ్సిన్-ఉల్-ముల్క్, ఇమాద్-ఉల్-ముల్క్ వంటివారిని రప్పించారు. వారు సమర్థులే. కానీ స్థానికులకు శిక్షణ ఇచ్చే పని అంత జోరుగా సాగలేదు. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా వేళ్లు అక్కడే ఉన్నాయి. ఈ విషయంలో ఆయనను నేను పూర్తిగా సమర్థించలేను.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి చనిపోయారు. ముప్పై ఏళ్లు దివానుగా, ముగ్గురు నిజాముల కింద పనిచేశారు. సమాధి దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది.

మా ఊరివైపు సంగతి ఒకటి చెప్పాలి. ఆయన పద్ధతి నడిచింది దివానీ ఇలాకాలోనే, అంటే రాజ్యంలో సుమారు నూటికి అరవై వంతుల్లో. నిజాం సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్, పైగాలు, జాగీర్లు దానికి వెలుపల ఉండిపోయాయి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా. శంషాబాద్ పేరే పైగా ప్రభువుల బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా నుంచి వచ్చిందంటారు. సాలార్ జంగ్ వంశపు జాగీరు కూడా ఆ వెలుపలి భాగంలోదే. ఆయన పోయిన 66 ఏళ్లకు, 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ విలీనమై, జాగీర్లు రద్దయ్యాక గాని, ఈ నేలల శిస్తు లెక్క కూడా సర్కారు ఖజానాలో జమకాలేదు.