జార్జి క్రుక్‌షాంక్

వ్యంగ్య చిత్రములకు, జానపద కథలకు తన గీతలతో నూతన జీవము పోసిన ఆంగ్ల చిత్రకారుడు జార్జి క్రుక్‌షాంక్. ఇతడు 1792 సెప్టెంబరు 27వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ఐజాక్, అన్న రాబర్టు ఇరువురును వ్యంగ్య చిత్రకారులే. జార్జికి బడిచదువు అంతగా అబ్బలేదు. రాగిరేకుపై సూదితో గీసి, ఆమ్లముతో బొమ్మ తేల్చు విద్యను బాల్యముననే తండ్రికడ నేర్చెను. ఆ తండ్రి 1811లో త్రాగుడునకు బలియయ్యెను. ఆ గాయము కుమారుని మనస్సున చిరకాలము నిలిచెను.

ఆ దినములలో ఇంగ్లండున దొంగనోట్లు చలామణి చేసిన పేదలను, స్త్రీలను సయితము ఉరితీయుచుండిరి. 1819లో క్రుక్‌షాంక్ ఉరికంబముతో, వ్రేలాడు దేహములతో ఒక ఎగతాళి నోటును చిత్రించెను. దానిని ప్రకటించిన విలియం హోన్ అంగడి ముందు జనము క్రిక్కిరిసెను. రాజును సయితము ఇతని కలము విడువలేదు. కాని 1820లో, రాజును నీతిబాహ్యముగా చిత్రింపనని వ్రాసియిచ్చి నూరు పౌనులు పుచ్చుకొనెను.

1823లో గ్రిమ్ సోదరుల జర్మను జానపద కథలు ఆంగ్లమున వెలువడగా వానికి బొమ్మలు వేసెను. చెప్పులు కుట్టువాని యింట రాత్రివేళ పనిచేసిన మరుగుజ్జులు తమకు లభించిన దుస్తులు చూచుకొని గంతులు వేయు చిత్రము మిక్కిలి ప్రసిద్ధము. పిమ్మట చార్లెస్ డికెన్స్ రచించిన ఆలివర్ ట్విస్ట్ నవలకును ఇతడే చిత్రకారుడు. ఉరికి ముందు చెరసాలలో గోళ్ళు కొఱుకుచు కూర్చున్న ఫాగిన్ బొమ్మను చూచినవారు మఱువలేరు.

1847లో సీసా అను పేర ఎనిమిది చిత్రములను ప్రకటించెను. మొదటి చిత్రమున భర్త భార్యకు తొలి గ్రుక్క నందించును. కడపటి దానిలో ఆమెను చంపి పిచ్చాసుపత్రి పాలగును. ఒక్క షిల్లింగు వెల గల ఆ చిత్రమాల సామాన్యుల యిండ్లకు చేరెను. ఇంతకుముందు తానును త్రాగుచుండిన క్రుక్‌షాంక్, ఆ పిదప మద్యమును పూర్తిగా విడిచి దానిపై ప్రచారము సాగించెను.

ఆ ఉత్సాహమే ఒక వివాదమునకు దారితీసెను. 1853 మొదలుకొని ఇతడు పాతకథలను తిరిగి వ్రాసి మద్యనిషేధ బోధలు చొప్పించెను. ఇతని సిండ్రెల్లా వివాహమున సారాయి, ద్రాక్షాసవము కుప్పవేసి కాల్చివేయుదురు. కథను కథగా ఉండనీయవలెనని డికెన్స్ తన పత్రికలో తీవ్రముగా విమర్శించెను. ఇరువురి మైత్రి సన్నగిల్లెను.

1878 ఫిబ్రవరి 1వ తేదీన క్రుక్‌షాంక్ కన్నుమూసెను. ఆ సంవత్సరమే అతని భౌతికకాయమును సెయింట్ పాల్ దేవాలయమున ఉంచిరి. అతని ఆశయము సదాశయమే. అయినను, తిరిగి వ్రాసిన కథలను నేడు చదువువారు అరుదు. కథను మార్చక వేసిన మరుగుజ్జుల బొమ్మ మాత్రము నేటికిని పిల్లలను నవ్వించుచున్నది. ఉపదేశము చేయని ఆ గీతలే అతని కీర్తిని నిలిపినవి.